హాస్టల్ చరిత్ర రాయవలసిన వేళ



మన విశ్వవిద్యాలయాల చరిత్రలు చదివితే ఫర్మానాలు, భవనాలు, ఉపకులపతుల వరుస కనిపిస్తాయి. విద్యార్థి తిని, పడుకుని, వాదించి, మనిషిగా ఎదిగిన హాస్టల్ గురించి ఒక్క పేరా దొరకడం కష్టం. ఈ లోటు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. 1918లో ఏర్పడి, మొదట్లో అద్దె భవనాల్లో నడిచి, తర్వాత అడిక్‌మెట్‌కు చేరింది. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని నిజాం ప్రారంభించిన సంగతి అందరూ రాశారు. అంతకు ఏడాది ముందు హాస్టళ్లలో జరిగింది అంతకన్నా పెద్ద విషయం. 1938 చివర్లో విద్యార్థులు హాస్టల్ ప్రార్థనా మందిరంలో వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. పిల్లలు వినలేదు, సమ్మెకు దిగారు. వందలాది మందిని బయటికి పంపేశారు. ఔరంగాబాద్, వరంగల్ కాలేజీల్లోనూ అదే కథ. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లకు తలుపు తెరిచింది. అలా వెళ్లిన వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆ తెగువ ఏ నాయకుడి ఉపన్యాసం నుంచో వచ్చింది కాదు. ఒకే పంక్తిలో తిన్న కుర్రవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న ధైర్యం అది.

ఉస్మానియా ఏర్పడిన 1918లోనే హైదరాబాద్ నగరంలో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. చదువు ప్రధానంగా ఉర్దూలో సాగే రోజుల్లో పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక అక్కడి గ్రంథాలయంలో అందేవి. పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. తర్వాత కమ్యూనిస్టు నాయకుడైన రావి నారాయణరెడ్డి అక్కడ ఉండి చదువుకున్నారు. కులం పేరిట వెలిసిన హాస్టళ్లు ఎందరినో నిలబెట్టాయి, నిజమే. అలాంటి హాస్టల్ పెట్టగల స్తోమత లేని కులాల పిల్లలు ఎక్కడ తలదాచుకున్నారు? ఆ ప్రశ్న అడగని చరిత్ర సగం చరిత్రే.

తర్వాతి కాలం మీకు తెలిసిందే. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ ఆవరణలో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి హత్య, 2009 చివర మళ్లీ రగిలిన తెలంగాణ పోరాటం. అయితే ఉద్యమాలొక్కటే హాస్టల్ జీవితం కాదు. సీటు రాక మిత్రుడి గదిలో చాప పరుచుకుని, ఒక ప్లేటు అన్నం ఇద్దరు పంచుకుని డిగ్రీ పూర్తిచేసిన నాన్‌బోర్డర్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. వాళ్లు చెబితేనే మనకు తెలియాలి. అమ్మాయిల హాస్టళ్ల గురించి రాసినది ఇంకా తక్కువ.

పరిశోధక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పాత మెస్ లెక్కలు, ప్రవేశ రిజిస్టర్లు, వార్డెన్ల నోటీసులు చిత్తుకాగితాల బండికి ఎక్కకముందే వాటిని అడిగి తీసుకోండి. పాత తరం విద్యార్థులు వృద్ధులైపోతున్నారు. వాళ్ల మాటలు ఈ ఏడాదే రికార్డు చేయండి.