జపాన్‌లో మూడు రాత్రులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పది నిమిషాలు మీకిష్టమైన విషయం మాట్లాడండి అన్నారు. కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన 'హార్డ్ రాక్' అని చూసి సోషల్ మాస్టారు ఇందాకే అడిగారు, "ఇది మన బళ్లో ఎప్పుడు చెప్పాంరా?" అని. చెప్పలేదు మాస్టారూ, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో అంటుకుంది. అయితే ఆ మాట ఇక్కడ ఎత్తడానికి కారణం మన బడి పాత క్యాసెట్లు. వాటి సంగతికి తర్వాత వస్తాను.

డీప్ పర్పుల్ అని ఇంగ్లండు బ్యాండు. పాడేది ఇయాన్ గిలన్, గిటార్ రిచీ బ్లాక్‌మోర్, ఆర్గాన్ జాన్ లార్డ్, బేస్ గిటార్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పేస్. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్లో, 17న టోక్యో బుడోకాన్‌లో వీళ్లు చేసిన కచేరీల రికార్డింగే 'మేడ్ ఇన్ జపాన్' ఆల్బమ్. మా హాస్టల్లో తొంభై నిమిషాల క్యాసెట్ మీద ఆ మూడు ముక్కలు రాసి ఉంటే, అది టేప్ రికార్డరు మీద ఉండే మాటే అనుకున్నాం.

లైవ్ ఆల్బమ్ తేవాలన్న కోరిక బ్యాండుది కాదు, జపాన్ రికార్డు కంపెనీది. మా ఇంజనీరే రికార్డు చేయాలి, బాగుందో లేదో మేం విన్నాకే విడుదల అని వీళ్లు షరతు పెట్టారు. ఆ ఇంజనీరు మార్టిన్ బిర్చ్. ఆయన చేతిలో ఉన్నది ఎనిమిది ట్రాకుల టేపు రికార్డరు. మన తమ్ముళ్ల ఫోన్లలో ఇప్పుడు అంతకంటే ఎక్కువ ట్రాకులుంటాయి. ఎనిమిదే అంటే, ఏ మైకును ఏ మైకుతో కలపాలో, దేని మట్టం ఎంతుండాలో కచేరీకి ముందే తేల్చుకోవాలి. డ్రమ్స్ మైకులు ఒకసారి కలిశాయంటే మళ్లీ విడదీయలేం, సాంబారులో పడ్డ ఉప్పులాగా. పైగా అక్కడ హోరు మామూలుది కాదు. పాటల మధ్య గిలన్, అన్నీ మిగతా అన్నిటికంటే గట్టిగా వినపడాలని మైకులోనే అడుగుతాడు! సబ్‌స్టేషన్లలో ముప్పయ్యేళ్లు పనిచేశాను గానీ ఇలాంటి స్పెసిఫికేషన్ నేనెక్కడా చూడలేదు.

ఆ రోజుల్లో చాలామంది లైవ్ రికార్డులని చెప్పి, ఊరికి వచ్చాక స్టూడియోలో తప్పిన స్వరాన్ని మళ్లీ పాడి అతికించేవారు. వీళ్లు అతుకులు వేయలేదు. అలాగని ఉన్నదున్నట్టు దించేశారనీ కాదు. మూడు రాత్రుల నుంచి ఏడు పాటలు ఏరుకున్నారు. 16వ తేదీవి నాలుగు, టోక్యోవి రెండు. మొదటి రాత్రి సరిగ్గా కుదరలేదని వాళ్లకే అనిపించింది. దాన్నుంచి తీసుకున్నది ఒక్కటే పాట, 'స్మోక్ ఆన్ ది వాటర్'. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంత్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా క్యాసినో తగలబడింది. ఆ పొగ సరస్సు మీద కమ్ముకోవడం చూసి రాసుకున్న పాట అది. ఆల్బమ్ మొత్తంలో జనానికి గుర్తుండిపోయిన పాట ఆ కుదరని రాత్రిదే కావడం నాకు భలే ఇష్టం.

ఏరుకోవడం వేరు, అతికించడం వేరు. నా ఉద్దేశంలో తేడా అంతా అక్కడే ఉంది. 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్' పాటలో గిటార్ ఒక పలుకు పలుకుతుంది, గిలన్ గొంతుతో దాన్ని అందుకుంటాడు. ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పైకి. మన కచేరీలో గాత్రమూ వయొలినూ ఒకరినొకరు కవ్వించుకున్నట్టే ఉంటుంది. 'ది మ్యూల్' పాట పేస్ డ్రమ్స్‌కి తని ఆవర్తనం. ఇక 'స్పేస్ ట్రక్కిన్' దాదాపు ఇరవై నిమిషాలు, ఎల్పీలో ఒక వైపంతా అదే. స్టూడియోలో అది ఐదు నిమిషాలైనా లేని పాట. మిగతా పదిహేను నిమిషాలూ ఎదురుగా జనం ఉండబట్టి పుట్టాయి. పద్యనాటకంలో 'వన్స్ మోర్' పడితే రాగం ఎలా సాగేదో మన పెద్దవాళ్లకు తెలుసు. జనం గోలను చెత్త అనుకుని తీసేస్తే, ఆ రాగం ఎందుకు అంత సాగిందో వినేవాడికి అర్థం కాదు.

ఇంకో విషయం. ఏరుకోగా మిగిలిన టేపుల్ని వాళ్లు చెరిపేయలేదు. 1993లో ఆ మూడు రాత్రుల కచేరీల్లో చాలా భాగం మూడు సీడీలుగా వచ్చింది. ఒకే పాట మూడు రాత్రులూ ఎలా మారిందో ఇప్పుడు ఎవరైనా వినొచ్చు.

ఇక మన క్యాసెట్లు. వార్షికోత్సవాలవి, తెలుగు మాస్టారి పద్యాలవి, వీడ్కోలు సభలవి కలిపి పదకొండు దొరికాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని సంఘం నాకు అప్పగించింది. ఫ్యాను మోత, దగ్గులు, వెనక పిల్లల అల్లరి తీసేసి శుభ్రంగా ఇమ్మని కొందరు మిత్రుల సలహా. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, మాస్టారి గొంతు స్పష్టంగా వినాలనే కదా. కానీ ఆయన పద్యం మధ్యలో ఆగి, "ఎవర్రా అది?" అని గద్దించి, మళ్లీ అదే శ్రుతిలో అందుకుంటారు. అల్లరిని తీసేస్తే ఆ గద్దింపు ఎవరి మీదో తెలియదు. ఆ అల్లరి చేసినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు మన మధ్య లేరు. వాళ్ల గొంతులు ఆ టేపులో తప్ప ఇంకెక్కడా దొరకవు.

అందుకని నేను రెండు ప్రతులు చేస్తాను. ఒకటి ఉన్నదున్నట్టు, గంటలకు గంటలు, ఎవరూ ముట్టుకోకుండా. రెండోది వినడానికి వీలుగా ఏరిన భాగాలతో. రెండో దాంట్లోనూ మాట మీద మాట అతికించడం ఉండదు. కమిటీ వచ్చే నెల దీన్ని తేలుస్తుంది, మీ అభిప్రాయం వాళ్లకు రాయండి.

మీ ఇళ్లలో ఇంకా క్యాసెట్లుంటే దయచేసి పాత టేప్ రికార్డరులో వేసి చూడకండి, రీలు చుట్టుకుపోతుంది. పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెవులు విరిచేయండి, మీద ఇంకోటి రికార్డు కాకుండా ఉంటుంది. తర్వాత అలాగే తెచ్చి నాకివ్వండి. భోజనాల దగ్గర ఎడమ వైపు బల్ల మీద అట్టపెట్టె పెట్టాను.