ఫ్యాక్టరీ ఎక్కడ మొదట పాడవుతుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు నన్ను "మీ ఉద్యోగం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీల పర్సనల్ డిపార్ట్‌మెంటులో గడిచింది. దాన్నిప్పుడు హెచ్‌ఆర్ అంటున్నారు. పేరు మారినా పని అదే. హాజరు, జీతాలు, సెలవులు, తగాదాలు, యూనియన్‌తో చర్చలు, చివరికి ఒకచోట మూసివేత కాగితాలు కూడా నా బల్ల మీదుగానే వెళ్లాయి. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మూతపడిన ఫ్యాక్టరీల్లోంచి బయటికొచ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. సొంతంగా యూనిట్లు పెట్టి వందమందికి జీతాలిస్తున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే మాటలు నాలుగు చెబుతాను.

మన తరం ఫ్యాక్టరీల పేర్లు వింటూ పెరిగింది. పదో తరగతి పాసైతే చేతికి హెచ్‌ఎంటీ వాచీ. కాస్త కలిగినవాళ్ల ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించింది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో కొత్త యాజమాన్యం చేతిలో మళ్లీ తెరుచుకుంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. వీటన్నిటికీ ఒకే కారణం అంటే తప్పవుతుంది. ఒకచోట పాత యంత్రాలు, ఒకచోట ముడిసరుకు, ఇంకోచోట అప్పులు, ప్రభుత్వ విధానాలు, మారిన మార్కెట్టు.

అయితే మూతపడిన ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడినా రెండు మాటలు వినిపిస్తాయి. యాజమాన్యం అంటుంది, "మనుషులు పని చెయ్యలేదు" అని. కార్మికులు అంటారు, "పైవాళ్లు ముంచేశారు" అని. ఈ తగువు తీర్చడం కష్టం, ఎందుకంటే ఫ్యాక్టరీ మూతపడ్డాక పరీక్ష చేసి చూడలేం. కానీ ప్రపంచంలో ఒకచోట అలాంటి పరీక్ష నిజంగానే జరిగింది. అది చెబుతాను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరుంది. అక్కడ జనరల్ మోటార్స్ వారికి కార్లు బిగించే ఫ్యాక్టరీ ఉండేది. 1982లో దాన్ని మూసేశారు. ఆ కంపెనీ మొత్తంలో అతి చెడ్డ పేరున్న ఫ్యాక్టరీల్లో అదొకటి. కొన్ని రోజుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు నాగా. పనిలోనే తాగేవాళ్లు. యూనియన్ పెట్టిన ఫిర్యాదులు వేలల్లో పేరుకుపోయాయి. కోపం పట్టలేక కొందరు కారు తలుపుల లోపల ఖాళీ సీసాలు పడేసి బిగించేవాళ్లట. కారు కొన్నవాడికి గలగలమని శబ్దం, ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. ఈ సంగతి తరువాతి కాలంలో ఆ కార్మికులే చెప్పారు.

మేనేజ్‌మెంటు పద్ధతి ఎలా ఉండేదంటే, ఏం జరిగినా లైను ఆగకూడదు. బోల్టు సరిగా పడకపోయినా, ఒక కారుకు ఇంకో కారు భాగం బిగించినా లైను నడవాల్సిందే. తప్పులున్న కార్లను చివర్లో పక్కకు తీసి బాగుచేసేవాళ్లు. కళ్ల ముందు తప్పు కనబడుతున్నా కార్మికుడు నోరెత్తడానికి లేదు. లైను ఆపితే తిట్లు, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది.

1984లో అదే ఫ్యాక్టరీని జనరల్ మోటార్స్, జపాన్ టయోటా కలిసి న్యుమ్మీ అనే పేరుతో తెరిచాయి. నడిపించే బాధ్యత టయోటాది. యూనియన్ కూడా పాతదే. తీసుకున్నవాళ్లలో ఎక్కువ భాగం, సుమారు 85 శాతం, మూతపడిన ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే. సరిగ్గా ఎవరివల్ల ఫ్యాక్టరీ పాడైందన్నారో ఆ మనుషులే.

మరి మారిందేమిటి? వందలమందిని జపాన్ పంపి, టయోటా ఫ్యాక్టరీలో పక్కన నిలబెట్టి పని చూపించారు. లైను పొడవునా ఒక తాడు కట్టారు. తప్పు కనబడితే ఏ కార్మికుడైనా ఆ తాడు లాగవచ్చు. లాగగానే టీమ్ లీడర్ పరుగున వస్తాడు. "ఎందుకు లాగావ్?" అనడు, "ఏం సాయం కావాలి?" అంటాడు. గడువులోగా సర్దుకోకపోతే లైను ఆగుతుంది. పాత ఫ్యాక్టరీలో పనులను ఎనభైకి పైగా కేటగిరీలుగా చీల్చి, ఒకరి పని ఇంకొకరు ముట్టుకోకూడదనేవారు. ఇప్పుడవి మూడు నాలుగుకు తగ్గాయి. అధికారులకు వేరే భోజనాల గది, వేరే పార్కింగ్ తీసేశారు. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. కంపెనీ బతకడమే కష్టమైతే తప్ప ఎవరినీ లేఆఫ్ చెయ్యమని ఒప్పందంలో రాసిచ్చారు.

ఆ ఒప్పందానికి త్వరలోనే పరీక్ష వచ్చింది. 1988 ప్రాంతంలో వాళ్ల కార్ల అమ్మకాలు బాగా పడిపోయాయి. పాత పద్ధతిలో అయితే ఆ వారమే గేటు మీద లిస్టు అంటించేవాళ్లు. న్యుమ్మీలో ఎవరినీ పంపలేదు. పని లేనివాళ్లను శిక్షణకు, ఫ్యాక్టరీలో లోపాలు సరిచేసే పనులకు పెట్టి జీతమిచ్చారు. కాగితం మీద రాసిన మాట నిజమేనని కార్మికుడికి నమ్మకం కుదిరింది అప్పుడే. నాగాలు రెండు మూడు శాతానికి పడిపోయాయి. నాణ్యతలో, ఉత్పత్తిలో ఆ ఫ్యాక్టరీ అమెరికాలో మేటివాటి సరసన చేరింది.

అక్కడ అంతా బాగుందని కాదు. పని వేగం మరీ పెరిగిందని, చేతులు, నడుములు పోతున్నాయని కార్మికులు ఫిర్యాదు చేశారు. అమ్మకాలు, ఆర్థిక మాంద్యం, పెద్దల లెక్కలు మంచి ఫ్యాక్టరీనీ వదలవు. 2009లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసి భాగస్వామ్యం వదులుకుంది. 2010 ఏప్రిల్ 1న న్యుమ్మీ మూతపడింది. ఇప్పుడు అదే ఆవరణలో టెస్లా కార్లు తయారవుతున్నాయి. కానీ మన తగువు విషయంలో మాత్రం తీర్పు స్పష్టం. మనుషులు వాళ్లే, గోడలు అవే. మారింది నడిపించిన తీరు.

ఇంకో సంగతి గమనించండి. న్యుమ్మీ తలుపులు జనరల్ మోటార్స్‌కు మొదటిరోజు నుంచీ తెరిచే ఉన్నాయి. మేనేజర్లు వచ్చి చూశారు, రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. అదే రాష్ట్రంలో వాన్ నైస్ అనే చోట వాళ్ల ఇంకో ఫ్యాక్టరీలో ఆ పద్ధతి పెట్టబోయి విఫలమయ్యారు. 1992లో అదీ మూతపడింది. తాడు కట్టడం సులువు. తాడు లాగినవాడి మీద సూపర్‌వైజరు కేకలు వేస్తే ఆ తాడు రెండో రోజు నుంచి బట్టలారేసుకోవడానికే పనికొస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. కష్టాల్లో పడ్డ కంపెనీ ఒక వరుసలో జారుతుంది. నేను దగ్గర నుంచి చూసిన వరుస ఇది. ముందు సరుకు సప్లయి చేసేవాళ్ల బిల్లులు ఆగుతాయి. తరువాత జీతంలోంచి కోసిన పీఎఫ్ జమ కావడం ఆగుతుంది. అది బయటికి కనబడదు కాబట్టి యజమానికి సులువుగా దొరికే అప్పు అదే. చట్టం దాన్ని అప్పు అనదు, నేరపూరిత నమ్మకద్రోహం అంటుంది. ఆ తరువాత జీతం తేదీ జరుగుతుంది. వెయ్యిమంది లోపు ఉన్న ఫ్యాక్టరీలో ఏడో తేదీ లోపు, మిగతాచోట్ల పదో తేదీ లోపు జీతమివ్వాలని 1936 నాటి వేతనాల చట్టంలోనే ఉండేది. ఏడు కాస్తా పదిహేను, పదిహేను కాస్తా ఇరవై ఐదు అవుతుంది.

అప్పుడు మొదట వెళ్లిపోయేది పనిమంతులు. టూల్‌రూములో చెయ్యి తిరిగినవాడు, చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పగల ఫిట్టరు, వీళ్లకు బయట ఉద్యోగం వారంలో దొరుకుతుంది. యాజమాన్యం "ఒకడి జీతం మిగిలింది" అనుకుంటుంది. ఆర్నెల్లు తిరగకుండా రిజెక్షన్లు పెరుగుతాయి, యంత్రాలు ఆగుతాయి, సరుకు వెనక్కి వస్తుంది. పోయిన మనిషి ఖరీదు అప్పుడు తెలుస్తుంది.

సరిగ్గా ఈ సమయంలోనే పైవాళ్లు చిన్న విషయాల మీద కఠినమవుతారు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే అరపూట కోత. క్యాంటీన్‌లో టీ రేటు పెంపు. బాత్రూముకు వెళ్లినా రిజిస్టర్లో సంతకం. అదే వారంలో ఎండీగారికి కొత్త కారు గేటులోకి వస్తుంది. కార్మికుడికి బ్యాలెన్స్ షీటు చదవడం రాకపోవచ్చు, కారు మాత్రం కనబడుతుంది. ఆర్డర్లు ఎన్నున్నాయి, బ్యాంకు ఏమంటోంది, వచ్చే నెల జీతం వస్తుందా రాదా, ఇవేవీ ఎవరూ చెప్పరు. చెప్పకపోతే పుకారు చెబుతుంది. పుకారు ఎప్పుడూ నిజంకన్నా భయంకరంగానే ఉంటుంది.

ఇదంతా కింద ఫోర్మన్లకు తెలుసు. వాళ్లు పైకి చెప్పరు, ఎందుకంటే చెప్పినవాడికి జరిగింది చూశారు. నేను పనిచేసిన ఒకచోట నెలవారీ మీటింగులో ఒక సీనియర్ ఫోర్మన్ లేచి, "సార్, ఈ ప్రెస్సు ఇంక రెండు నెలలు నడవదు" అన్నాడు. "నీకు నెగెటివ్ ఆలోచనలు ఎక్కువ" అని కూర్చోబెట్టారు. ప్రెస్సు ఏడు వారాలకే ఆగింది. ఆ తరువాత ఆ మీటింగుల్లో ఎవరూ నోరు తెరవలేదు. మీటింగులు మాత్రం ఇంకా ఎక్కువ పెట్టారు.

వందమంది, అంతకుమించి కార్మికులున్నచోట యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ పెట్టించే ఏర్పాటు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది. చాలాచోట్ల అది ఇన్‌స్పెక్టరుకు చూపించే మినిట్స్ పుస్తకంగా మిగిలింది. తాడు కట్టడానికి జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. మన చట్టమే మనకొక తాడు ఇచ్చింది, లాగనివ్వలేదంతే.

సొంత యూనిట్లున్న మిత్రులకు నా మనవి. డబ్బు ఇబ్బంది వస్తే ముందుగా మీ మనుషులకే చెప్పండి. "ఈ నెల జీతం రెండు విడతల్లో ఇస్తాను, మొదటిది ఏడున, రెండోది ఇరవైన" అని మీరే నిలబడి చెప్పి, ఆ తేదీలు తప్పకండి. కోత పెట్టాల్సి వస్తే మీ జీతంతో మొదలుపెట్టండి. పీఎఫ్ డబ్బు ముట్టుకోకండి, అది మీది కాదు. చెడ్డవార్త తెచ్చినవాడికి కుర్చీ వెయ్యండి. ఇవన్నీ చేసినా కంపెనీ మునగవచ్చు. కానీ మునిగాక ఊళ్లో తలెత్తుకు తిరగగలుగుతారు.

ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీలో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నారు. మా కాలంలో యూనియన్ ఆఫీసుకు వెళ్లి అడిగేవాళ్లం, మీకు అడగడానికి మనిషి లేడు. జీతం స్లిప్పులు దాచుకోండి. యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ మూడు నెలలకొకసారి చూసుకోండి. కోపం యంత్రం మీద, సరుకు మీద చూపకండి. సీసా తలుపులో పడేస్తే బాధ యజమానికి కాదు, కారు కొన్నవాడికి.

గురువులకు చెప్పేంతవాణ్ణి కాను. అయినా ఒక్కటి మనవి చేసుకుంటాను. "అర్థం కాలేదు సార్" అనడానికి జంకే పిల్లవాడే పెద్దయ్యాక తప్పు చూసీ తాడు లాగడు. వాడే మేనేజరైతే లాగినవాణ్ణి బతకనివ్వడు. మన బడిలో లెక్కల మాస్టారు బోర్డు మీద తన తప్పు పట్టుకున్న పిల్లవాడికి ఒక కొత్త చాక్‌పీసు ఇచ్చేవారు. కావాలనే తప్పులు వేసేవారేమోనని మాకు అనుమానం కూడా ఉండేది. నేను తరువాత చదివిన మేనేజ్‌మెంటు పుస్తకాల్లో అంతకన్నా పెద్ద సూత్రం నాకు కనబడలేదు.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. మనలో రిటైరైన పీఎఫ్ ఆఫీసువాళ్లు, లాయర్లు, ఆడిటర్లు, యూనియన్‌లో పనిచేసినవాళ్లు, పర్సనల్ మేనేజర్లు ఉన్నారు. మూడు నెలలకొక ఆదివారం పొద్దున బడిలో ఒక గది తెరిచి కూర్చుందాం. జీతం ఆగినవాడు, పీఎఫ్ పడనివాడు, యూనిట్ నడపలేక సతమతమవుతున్నవాడు ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు. విన్నది బయటికి పోదు. మొదటి ఆదివారం నేను వస్తాను. నాతో కూర్చోగలవాళ్లు ఈ సభ అవగానే కార్యదర్శిగారికి పేర్లివ్వండి.