ఈతకొలనులో శరత్ గాయక్వాడ్



మన బెంగళూరు ఈతగాడు శరత్ గాయక్వాడ్‌కు పుట్టుకతోనే ఎడమచేతిలో లోపమున్నది. చేతుల బలం సమముగా లేనప్పుడు నీటిలో దేహం ఒక ప్రక్కకు మళ్లుతుంది. కాళ్లతో, నడుముతో అనుక్షణం సరిదిద్దుకొనవలెను. ఆ శ్రమతోనే ఆయన 2012లో లండన్ పారాలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2014లో ఇంచియాన్ ఆసియా పారా క్రీడలలో ఆరు పతకాలు గెలిచారు: ఒక రజతం, అయిదు కాంస్యాలు. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో పి.టి. ఉష గెలిచినవి అయిదు. ఉషవి నాలుగు స్వర్ణాలన్నది మరువరాదు; అయినను లెక్క లెక్కయే. 2015లో అర్జున పురస్కారం లభించినది.

ఏటా జూన్‌లో ‘మా బిడ్డను ఆటలనుండి మినహాయించండి’ అను లేఖలు మా కార్యాలయానికి వస్తాయి. ప్రేమతోనే వ్రాస్తారు. అటువంటి లేఖ ఇచ్చుటకు ముందు, బిడ్డను వెంటబెట్టుకొని, మా వ్యాయామోపాధ్యాయునితో ఒక్క గంట మాట్లాడవలసినదిగా కోరుచున్నాను.