హోటల్ మెట్లెక్కకుండా రెండు రోజులు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

ట్రిప్ అనగానే మనం ముందు ఏం వెతుకుతాం? ఎక్కడ తినాలి, రేటింగ్ ఎంత. అవునా, కాదా? ఈసారి మేం రివర్స్‌లో వెళ్ళాం. నలుగురు ఫ్రెండ్స్, రెండు రోజులు, మూడు ఊళ్ళు. రూల్ ఒక్కటే: హోటల్లో తినకూడదు. ఏ ఊళ్ళో ఏది దొరికితే అది కొనాలి, మనమే వండుకోవాలి.

ఇదేం కొత్త ఐడియా కాదు. బ్రిటన్‌లో దీన్ని సెల్ఫ్ కేటరింగ్ హాలిడే అంటారు. వేల్స్ సముద్ర తీరానికి వెళ్ళేవాళ్ళు వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, చేపలో పీతలో తెచ్చుకుని వండుకుంటారు. అక్కడ సముద్రపు నాచును కూడా ఉడికించి, లావర్‌బ్రెడ్ అని తింటారు. మన శ్రీ సత్యసాయి జిల్లాకి సముద్రం లేదు. వాన తక్కువ, ఎర్రనేల, రాళ్ళ కొండలు. అయితే ఏం? రాగులున్నాయి, చెనిక్కాయలున్నాయి, చింతచెట్లున్నాయి.

ఒక నిజం ముందే చెప్పేస్తా. మా నలుగురు మగపిల్లల్లో ఒక్కరికీ వంట రాదు. నేను పుట్టింది హిందూపురంలో, ఉద్యోగం బెంగళూరులో. మధ్యలో వంద కిలోమీటర్లు. పండక్కి రావడం, అవ్వ చేసిన ముద్ద తినడం, వెళ్ళిపోవడం. ఈ ఏడాది అవ్వకి భుజం పని చేయట్లేదు. "ముద్ద గెలికేకి నా చేత కాదురా ఇంక" అనింది. ఈ ట్రిప్ మొదలైంది ఆ మాటతోనే.

ఫస్ట్ స్టాప్ హిందూపురం మార్కెట్. చింతపండుకి పేరున్న మార్కెట్ ఇది. కరిపులి, ఫ్లవర్ అని రకాన్ని బట్టి రేటు పలుకుతుంది. మాకు కావాల్సింది పావు కిలోనే అనుకోండి. దాంతోపాటు రాగిపిండి, చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, బొరుగులు కొన్నాం. పిండి కట్టిస్తూ అంగడి అక్క అడిగింది: "ఏమప్పా, ముద్దకి నూక వద్దా? ఒట్టి పిండితోనే చేస్తారా?" మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంక అక్కడే నిలబెట్టి లెక్క మొత్తం చెప్పింది. హోటల్లో అయితే మనం మెనూ చూసి ఆర్డర్ ఇస్తాం, అంతే. వండాలంటే మాత్రం నోరు తెరిచి అడగాల్సిందే.

అక్కడి నుంచి లేపాక్షి, పదిహేను కిలోమీటర్లు. వేలాడే స్తంభం అందరూ చూస్తారు. మీరు ఈసారి కింద కూడా చూడండి. బండ మీద పళ్ళేల్లా గుండ్రంగా చెక్కి ఉంటాయి. గుడి కట్టిన పనివాళ్ళు వాటిలో తినేవాళ్ళని స్థానికులు చెప్తారు. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు అందరికీ తెలుసు. మరి అంతమందికి వండి పెట్టింది ఎవరు? ఆ పేర్లు ఎక్కడా లేవు.

రాత్రికి పెనుకొండ. అద్దె ఇల్లు, ఒక గ్యాస్ పొయ్యి. ఫస్ట్ ముద్ద అట్టర్ ఫ్లాప్, అంతా ఉండలే. వాసనకి పక్కింటి అక్క వచ్చి చూసి, నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చేయించింది. రాసుకోండి. గ్లాసు నూకకి ఐదు గ్లాసుల నీళ్ళు, కొంచెం ఉప్పు. నూక మెత్తగా ఉడికాక గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి. అప్పుడే కలపకూడదు! మేం చేసిన తప్పు అదే. మూత పెట్టి, సన్న సెగ మీద పది నిమిషాలు వదిలేయాలి. పిండి ఆవిరికి ఉడికాక, దించి కట్టెతో బలంగా గెలకాలి. తర్వాత చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టడమే. నంజుకోడానికి ఊరిబిండి: వేయించిన చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి బరకగా నూరాలి, చివర్లో ఉల్లిగడ్డ. మీరు డిసెంబర్, జనవరిలో వెళ్తే అనపకాయలు దొరుకుతాయి, వదలొద్దు.

పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకుని, గగన్ మహల్ చూశాం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చారు. ఇప్పుడు ఊరి దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. దాంతోపాటు ఈ చుట్టుపక్కలకి కొరియా వంట కూడా వచ్చింది. వాళ్ళు అంత దూరం నుంచి వచ్చి కూడా వాళ్ళ తిండి వదల్లేదు. మనం వంద కిలోమీటర్లకే మర్చిపోయాం.

ట్రైన్‌లో ధర్మవరం. ఫ్రెండ్ వాళ్ళ బంధువులు పట్టుచీరలు నేస్తారు. మధ్యాహ్నం వాళ్ళ అక్క మగ్గం దిగి వంటకి లేస్తుంటే, "కూర్చో అక్కా, ఈరోజు మేం చేస్తాం" అన్నాం. "మీరు వండితే ఇంకో మూర నేస్తా" అనింది. జోక్ అనుకున్నాం. ముద్ద, ఊరిబిండి, పప్పు... మాకు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మగ్గం చప్పుడు ఆగలేదు. మాకు సరదా. ఆమెకి అది రోజూ కూలి నుంచి పోయే టైమ్. ఈ లెక్క నాకెప్పుడూ తట్టలేదు. మా అవ్వ విషయంలోనూ తట్టలేదు.

సాయంత్రం హిందూపురం వచ్చి, అవ్వకి నేనే ముద్ద చేసి పెట్టా. నోట్లో పెట్టుకుని, "ఉప్పు చూసుకోలేదు కదరా" అనింది. ముద్ద మాత్రం మొత్తం తినింది. "రేపు కూడా చేస్తావా?" అని అడిగింది.

మీ ఇంట్లో ఒక్కరికే వచ్చిన వంట ఏదైనా ఉందా? పేరు కామెంట్‌లో పెట్టండి. కానీ ముందు వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళు వండుతుంటే వీడియో తీయడం కాదు, కట్టె మీరు పట్టుకోండి. మళ్ళీ కలుద్దాం. నమస్తే.