రైఫిల్‌కు కొత్త స్టాక్



గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 2014లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 50 మీటర్ల రైఫిల్ ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో రజతం గెలిచారు. ఆ పోటీ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే! అంత చిన్న గురికి మంచి గొట్టం ఒక్కటే చాలదు. దాన్ని మోసే స్టాక్, అంటే భుజానికి ఆనించి పట్టుకునే భాగం, కదలకుండా ఉండాలి.

అంగలకుదురు, తెనాలి, రేపల్లె వైపు వానాకాలపు తేమ మనకు తెలిసిందే. స్టాక్‌కు వాడే వాల్‌నట్ కొయ్య అందంగా ఉంటుంది, కానీ తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అది గొట్టాన్ని ఒక పక్కకు నొక్కితే తూటా తగిలే చోటు మారిపోతుంది. పొరలుగా అతికించిన కొయ్య ఇంతకన్నా నిలకడగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం అయితే తేమకు ఉబ్బవు. మన తీరప్రాంతానికి నేను వీటినే ఎంచుకోమంటాను.

రంగు, ఆకారం తర్వాత సంగతి. ముందు మీ రైఫిల్ మోడల్‌కు, స్క్రూల దూరానికి సరిపోతుందో లేదో చూడండి. బోల్టు ఉండే లోహభాగం స్టాక్‌లో పూర్తిగా ఆనాలి. సందులుంటే వాటిని ఎపాక్సీతో నింపించాలి, దీన్నే బెడ్డింగ్ అంటారు. గొట్టం కింద మాత్రం కాగితం అడ్డులేకుండా జారాలి. చెంప ఆనించే చోటును, భుజం వైపు పొడవును సర్దుకునే వీలుంటే ఎదిగే పిల్లలకు ఎంతో మేలు. పురుషుల 50 మీటర్ల పోటీలో రైఫిల్ బరువు 8 కిలోలు దాటకూడదు, అదీ లెక్కలో ఉంచుకోండి.

స్టాక్ మార్చే పని లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేతే చేయించండి. బిగించాక స్క్రూల బిగువు రాసిపెట్టుకుని, రేంజిలో కొత్తగా జీరో చేసుకోండి, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా సైట్లు సర్దుకోండి.