నీటిపక్షుల ఛాయాచిత్రములు – నిర్మొగమాట విమర్శ

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒడిశాలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు చిల్కా సరస్సు పరాయిది కాదు. గంజాం జిల్లాలోని రంభ మొదలు ఖుర్దా, పూరీ జిల్లాల వరకు వ్యాపించిన యీ సరస్సు 1981లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. శీతకాలమున లక్షలాది పక్షులు ఉత్తర దేశములనుండి యిచ్చటికి వలస వచ్చును. వాటిని చిత్రించుటకై మన యువకులు కెమెరాలు చేతబట్టి మంగళజోడి వంటి తావులకు పోవుచున్నారు. ఇది సంతోషకరము.

ఐతే వారు తెచ్చిన చిత్రములను చూచి మనము చేయుచున్న దేమి? “చాల బాగున్నది” అని భుజము తట్టి పంపుచున్నాము. కాకిపిల్ల కాకికి ముద్దు. చిత్రమును తీసినవానికి, తాను తెల్లవారుజామున లేచినది, బురదలో దిగినది, గంటలకొలది వేచినది, అన్నియు ఆ చిత్రములోనే కనబడుచుండును. చూచువారికి కనబడునది చిత్రము మాత్రమే. ఈ భేదమును తీసినవాడు తనంత తాను గ్రహించుట కష్టము. కనుకనే రెండవ కన్ను అవసరము.

తెల్లకొంగ చిత్రమునే తీసికొందము. నల్లని నీటిలో చిన్నదిగా నిలిచిన కొంగను తీయునపుడు, కెమెరాలోని వెలుతురు కొలమానము నీటి నలుపునకు మోసపోయి కాంతిని ఎక్కువగా రానిచ్చును. అప్పుడు ఈకల గీతలన్నియు చెరిగిపోయి సున్నపు ముద్దవలె తెలుపు మాత్రము మిగులును. “ఎంత తెల్లగా మెరయుచున్నది!” అన్నవాడు ఆ యువకునికి మేలు చేయలేదు. “నాయనా, నాకు ఈకలు కనబడుట లేదు, ఈమారు కాంతిని ఒక మెట్టు తగ్గించి చూడుము” అన్నవాడే మేలు చేసినవాడు.

నీటిలో నడచు పక్షికి కాళ్ళే అందము. పొడుగు కాళ్ళ పక్షిని చిత్రించి, కాళ్ళను మోకాటివద్దనో, నీటిలోని ప్రతిబింబమును నడుమనో కోసివేయుట తరచుగా కనబడు దోషము. గట్టుపై నిలుచుండి క్రిందికి చూచి తీసినచో పక్షి బురదకు అంటించినట్లుండును; నాటుపడవలో కూర్చుండి కెమెరాను పడవ అంచునకు దించినచో వెనుకనున్న రెల్లు మసకబారి, పక్షి విడివడి నిలుచును. దూరపు కటకముతో తీయునపుడు స్పష్టత కొద్ది మేరకే పరిమితమగును. ఆ స్పష్టత రెక్కపై కుదిరి కంటిపై కుదరకున్నచో చిత్రము ప్రాణము కోల్పోవును. ఇవన్నియు ఎవరైన చెప్పినచో ఒక్క ఉదయమున దిద్దుకొనదగినవి. చెప్పనిచో ఏండ్లతరబడి నిలిచిపోవునవి.

ఇంతకంటె ముఖ్యమైన విమర్శ యొకటి కలదు. వేలకొలది పక్షులు ఒక్కుమ్మడిగా లేచిన చిత్రమునకు సభలో చప్పట్లు మ్రోగును. అప్పుడొకరు లేచి, “ఇవి ఏల లేచినవి?” అని అడుగవలెను. డేగ వచ్చినదా? లేక మన పడవ వచ్చినదా? నల్లతోక గాడ్విట్ వంటి పక్షులు వేసవికి ముందు బహుదూరము తిరిగి పోవలసియుండును. ఆ ప్రయాణమునకు కావలసిన కొవ్వును అవి యీ బురదలోని పురుగులను తినియే కూర్చుకొనును. వాటిని ఊరక లేపిన ప్రతిమారు ఆ కూడబెట్టిన బలములో కొంత వ్యర్థమగును. పక్షి మేత మాని, మెడ నిక్కించి మనవైపు చూచినచో, మనము మితిమీరి దగ్గరకు వచ్చితిమని అర్థము. అచ్చటనే ఆగి, మెల్లగా వెనుకకు మరలవలెను. మంగళజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడిన వారే నేడు వాటికి కావలి కాయుచున్నారు. తుపాకి విడిచినవారి యూరికి కెమెరాతో పోయి పక్షులను బెదరించుట మనకు తగదు.

విమర్శకును ఒక మర్యాద కలదు. మొదట చిత్రములో కనబడినదానిని చెప్పవలెను. పిదప దానికి కారణమును, ఆ తరువాత దిద్దుబాటును చెప్పవలెను. చిత్రమును గూర్చి మాటాడవలెనే గాని మనిషిని గూర్చి కాదు. బాగున్నదానిని గూడ ఏల బాగున్నదో వివరింపవలెను. కారణము చెప్పని పొగడ్త, కారణము చెప్పని తెగడ్త, రెండును నిష్ప్రయోజనములే. వినువాడు వెంటనే సమాధానములకు దిగక, వ్రాసికొని, అదే తావునకు మరల పోయి, అదే పక్షిని మరల తీయవలెను. పాత చిత్రమును, క్రొత్త చిత్రమును ప్రక్క ప్రక్కన పెట్టి చూచినపుడు విమర్శ నిజమో కాదో తేలిపోవును.

కావున నా సూచన యిది. అక్టోబరు మొదలు మార్చి వరకు నెలకొక సాయంకాలము మన సంఘ మందిరమున కూడుదము. ఒక్కొక్కరు మూడేసి చిత్రములు మాత్రమే తేవలెను. వందలలోనుండి మూడింటిని ఏరుకొనుటయే మొదటి విమర్శ. తీసినవారి పేరును చివర చెప్పుదము. అప్పుడు ఎవరి అబ్బాయి, ఎవరి మేనల్లుడు అను మొగమాటము నోటికి అడ్డురాదు. మన పిల్లలయెడ మనకు గల ప్రేమకు, నిజము చెప్పుటకంటె మంచి గుర్తు వేరొకటి లేదు.