వైద్యుని కన్ను, శిల్పి చేయి
(ఆత్రేయపురమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు విశ్రాంత సంస్కృతోపాధ్యాయుఁడొకఁడు చేసిన యుపన్యాసము)



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలచే శబ్దములను, ధాతువులను వల్లెవేయించి విశ్రాంతి గైకొన్న నావంటివానిని, ఎముకల వైద్యమునకు వలయు సాధనములను గూర్చి ప్రసంగింపుమని మన కార్యదర్శిగారు కోరిరి. నేను వైద్యుఁడను గాను. యంత్రశాస్త్రము నెఱిఁగినవాఁడను గాను. ఐనను ఈ విషయమున నేను తీర్చవలసిన ఋణమొకటి కలదు. దానిని నలుగురి యెదుట నొప్పుకొనుటకే ఈ యవకాశమును స్వీకరించితిని.

మొదట నేనెఱిఁగిన మార్గముననే వత్తును. ఋగ్వేద ప్రథమమండలమున విశ్పల యను వీరనారి ప్రస్తావన యున్నది. యుద్ధమున నామె కాలు తెగిపోఁగా దేవవైద్యులైన అశ్వినులు రాత్రికి రాత్రియే యామెకు ఇనుపజంఘ నమర్చిరఁట. ఇది చరిత్ర యగునో కాదో పండితులు చర్చించుకొందురు గాక. నాకుఁ దోఁచినది వేఱు. తెగిన కాలిని మంత్రముతో మొలిపించినట్లు ఋషి చెప్పలేదు. లోహముతోఁ జేసిన కాలి నమర్చినట్లు చెప్పెను. ఔషధము చాలనిచోట సాధనము కావలయునను తలంపు మనకు అంత ప్రాచీనమైనది.

సుశ్రుతుఁడు ఈ తలంపును శాస్త్రముగాఁ జేసెను. సంధి తొలఁగుట ఆఱు విధములనియు, ఎముక విఱుగుట పండ్రెండు విధములనియు విభజించెను. తొడయెముక, పిక్కయెముక విఱిగినవానిని పలకపైఁ బరుండఁబెట్టి, కదలకుండ అయిదుచోట్ల మేకులకుఁ గట్టవలయునని చెప్పి, ఆ పలకకు కపాటశయనమని పేరిడెను. మఱ్ఱి, రావి, మేడి, మోదుగు మొదలగువాని పట్టలను, వెదురుబద్దలను కట్టుబద్దలుగా వాడుమనెను. అంతతోఁ బోనీయక, కట్టు వదులైనచో సంధి నిలువదనియు, మిక్కిలి బిగిసినచో వాపును, నొప్పియు, పాకమును గలుగుననియు హెచ్చరించెను. శీతకాలమున ఏడేసి దినములకు, సాధారణ కాలమున అయిదేసి దినములకు, వేసవిని మూఁడేసి దినములకు కట్టు విప్పి చూచి మరల కట్టుమనెను.

ఈ హెచ్చరికను మన యువకులు చెవిని బెట్టవలయును. సంక్రాంతి దినములలో కబడ్డీ యాడుచు కాలో చేయో విఱిగినచో, మనవారు మొదట బండి కట్టించునది నాటుకట్టునకే. రాయలసీమలోని పుత్తూరు కట్టు దేశమంతట పేరొందినది. తరతరములుగా వచ్చిన హస్తలాఘవమును నేను తృణీకరింపను. కాని విఱుపును ఎక్స్‌రేలోఁ జూడక బిగించిన కట్టు కొన్ని సమయములందు నెత్తురు పాఱకుండఁ జేయును. కట్టు క్రింది వ్రేళ్లు చల్లఁబడినను, నీలివర్ణము దాల్చినను, తిమ్మిరియెక్కి స్పర్శ నెఱుఁగకున్నను గంటసేపైనను జాగు చేయక కట్టు విప్పించి ఆస్పత్రికిఁ గొనిపోవలయును. ఆ జాగువలన కాలే పోవచ్చును. ఇది సుశ్రుతునకు విరుద్ధము గాదు, ఆయన మాటయే.

ఇఁక నా ఋణము.

నేనుద్యోగమునఁ జేరిన తొలిదినములలో నా తరగతియందు పోలియో వ్యాధివలన కుడికాలు చచ్చుపడిన బాలుఁడొకఁడుండెను. ఇనుపకమ్ములు, తోలుపట్టీలు గల కాలిపరు నొకదానిని ఎవరో యిప్పించిరి. వాఁడు కాలువగట్టు వెంబడి నడిచి వచ్చుచు దినదినము ఆలస్యమగుచుండెను. నేను నియమపాలనమునం దభిమానము గలవాఁడను. ఆలస్యముగా వచ్చినవారితోపాటు వానిని గూడ గడప యావల నిలువఁబెట్టెడివాఁడను. కొన్నాళ్లకు వాఁడు కాలిపరు విడిచి, ప్రతి యడుగునకును కుడిచేతితో తొడను వెనుకకు నొక్కుకొనుచు, సంచిని మెడకు వ్రేలాడఁదీసికొని రాసాగెను. "ఇచ్చిన సాధనమును వాడక సోమరితనము చేయుచున్నావా?" యని గద్దించితిని. మఱునాఁడు వాఁడు దానిని మోసికొని వచ్చి, మాఱుపలుకక నా బల్లపై నుంచెను. చేతితో నెత్తి చూచితిని. పదేండ్ల పిల్లవాఁడు, చచ్చుకాలితో, మూఁడు వీసెలకుఁ దక్కువగాని యినుమును మైళ్లకొలఁది యీడ్చుచుండెనని యానాఁడు తెలిసినది. తోలుపట్టీ క్రింద తొడ యొరసి పుండైయుండెను. నేను వానిని మరల నిలువఁబెట్టలేదు. కాని యా సంవత్సరాంతముననే వాఁడు చదువు మానెను.

ఆ చేతి నొక్కులో ఒక శాస్త్రమున్నదని నేను చాలకాలమునకుఁ గాని తెలిసికొనలేదు. తొడముందరి కండరము బలహీనమైనప్పుడు బరువు పడఁగానే మోఁకాలు ముందునకు మడిఁగిపోవును. దానిని ఆపుటకే రోగి చేతితో తొడను వెనుకకు నొక్కును. ఆ పనినే చేతికి మాఱుగా నేలచేతఁ జేయింపవచ్చును. చీలమండ కదలకుండ పాదమును పట్టి, మోఁకాలి దిగువను ముందువైపున ఒక కవచమువలె ఆనెడి తేలికైన తొడుగును అమర్చుదురు. పాదము నేలను నొక్కఁగా నేల తిరిగి నొక్కును. ఆ ప్రతిబలము తొడుగుద్వారా మోఁకాలి దిగువ భాగమును వెనుకకు నెట్టి, కాలిని నిటారుగ నిలుపును. చేయి విడుదల యగును.

ఈ సాధనము మన హైదరాబాదున తేలికరూపము దాల్చిన కథ ప్రసిద్ధము. అగ్ని క్షిపణి 1989వ సంవత్సరము మే 22వ తేదీని మొదటిసారి యెగిరెను. ఆ క్షిపణులకై హైదరాబాదు ప్రయోగశాలలో మిక్కిలి తేలికయు, మిక్కిలి దృఢమునైన ద్రవ్యములు సిద్ధమయ్యెను. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకుఁ జెందిన ఎముకల వైద్యుఁడొకఁడు ఆ ప్రయోగశాలను దర్శించి, ఒక తునుకను చేతఁ బట్టి, దాని తేలికదనమునకు విస్మయమంది, డాక్టరు అబ్దుల్ కలాముగారిని తన యాస్పత్రికిఁ దోడ్కొనిపోయెను. అచ్చట చిన్నపిల్లలు మూఁడు కిలోలకు మించిన లోహపు కాలిపర్లను ఈడ్చుచుండిరి. వారి బాధను తొలఁగింపుఁడని వైద్యుఁడు వేఁడెను. మూఁడు వారములలో 300 గ్రాముల కాలిపరు సిద్ధమయ్యెను. పిల్లలు పరుగులిడిరి, తల్లిదండ్రులు కంటఁ దడిపెట్టిరి. రాష్ట్రపతి పదవి నలంకరించిన పిదపను కలాముగారు తమ జీవితానందములలో దీని నొకటిగా పెక్కు సభలలోఁ జెప్పుకొనిరి.

ఇందు పరికింపవలసినది బరువులోని పదియవవంతు మాత్రమే కాదు. ద్రవ్యము ప్రయోగశాలలో నున్నది, బాధ ఆస్పత్రిలో నున్నది; నడుమ నొక వైద్యుఁడు చేయి చాఁచి ఆ తునుక నెత్తి చూచెను. నేను మూఁడేండ్లు వానిని చూచుచుండియు ఎత్తి చూడనైతిని.

అన్యదేశములలోను ఇట్లే జరిగినది. సైబీరియాయందలి కుర్గాను నగరమున ఇలిజారోవ్ అను వైద్యుఁడు ఉక్కువలయములను, సన్నని తీఁగెలను గూర్చి విఱిగిన యెముకలను నిలిపి పెంచెడి సాధనమును కనిపెట్టెను. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలయందు ఎత్తుదూఁకుటలో స్వర్ణపతకము నందిన బ్రూమెల్, మఱుసటియేఁడు మోటారుసైకిలు ప్రమాదమున కాలు నుగ్గై, పెక్కు శస్త్రచికిత్సలకు లొంగక, తుదకు ఆ వైద్యుని యొద్ద కోలుకొని మరల దూఁకఁగల్గెను. జయపురమున డాక్టరు సేఠీగారును, రామచంద్రశర్మ యను శిల్పియుఁ గలిసి, మన నేలపై చెప్పులు లేక నడచుటకును, గొంతుకూర్చుండుటకును అనువైన కృత్రిమపాదమును నిర్మించిరి. వైద్యుని కన్నును శిల్పి చేతిని ఒక్కచోటఁ జేర్చినప్పుడే ఇట్టివి పుట్టును.

వైద్యుఁడు లేకయే బాధకు మూలమును ఛేదించినవాఁడును మనలోఁ గలఁడు. నల్లగొండ సీమలో నేఁతకుటుంబమునఁ బుట్టిన చింతకింది మల్లేశముగారి తల్లి లక్ష్మి, చీరలకు ఆసు పోయుచు భుజపునొప్పితో వేదన నొందెడిది. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 పర్యాయములు కదపవలయును. ఆఱవ తరగతితోనే చదువు నిలిచిపోయిన యాయన, ఏండ్లతరబడి శ్రమించి, 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరిడెను. 2017లో పద్మశ్రీ వరించినది.

సోదరీ సోదరులారా! మన ఆత్రేయపురపు పూతరేకు భౌగోళిక గుర్తింపు నొందినది. లోకమంతయు దాని పలుచఁదనమును పొగడుచున్నది. బోర్లించిన కుండ యెదుట, పొగలో, గంటలకొలఁది కూర్చుండి ఆ రేకులు తీసెడి తల్లుల నడుములను, మోఁకాళ్లను, భుజములను అడిగినవారెవరు? లక్ష్మిగారివంటి తల్లులు మనయింటనే కలరు.

కావున నా మనవి. మన సంఘము ఏఁటేఁట మార్కులను బట్టి విద్యార్థివేతనము లిచ్చుచున్నది, మంచిదే. అందొకటి, మార్కులతోఁ బనిలేక, చేతితో ఉపయోగకరమైన వస్తువును నిర్మించిన బాలునకో బాలికకో ఈయవలయును. సంఘభవనమున ఒక గదిని కేటాయించి, చంకకఱ్ఱలు, నడకబండ్లు, చక్రముల కుర్చీలు అక్కఱ యున్నంతకాలము ఎరువిచ్చి తీసికొనెడి భాండారమును నెలకొల్పవలయును. కులమెవరిదని యచ్చట నడుగరాదు. విఱిగిన యెముకకుఁ గులము లేదు. నా పింఛనులో ఒక నెల మొత్తమును ఇందులకు మొదటి చందాగా సమర్పించుచున్నాను.

మన దేశము పోలియోరహితమని 2014 మార్చి 27న ధ్రువపఱుపఁబడినది. ఇఁక నట్టి బాలుఁడు ఏ ఉపాధ్యాయుని గడప యావలను నిలువఁడు. కాని యా బాలుఁడు ఇప్పుడు నడివయస్సు దాటినవాఁడు. తేలిక కాలిపరు వార్తను పత్రికలోఁ జదివిన నాఁడు దానిని తీసికొని వాని యింటికిఁ బోయితిని. నన్నుఁ జూచి, తొడపైఁ జేయి నొక్కుకొనుచు లేచి నిలువఁబడి, చదివి వినిపించితినో లేదో, నవ్వి యిట్లనెను: "ఇప్పుడిలాగే అలవాటైపోయిందండి మాష్టారూ. అప్పుడే వచ్చుంటే చదువుకునేవోణ్ణండి."

ఆ మాటకు నాయొద్ద నేఁటికిని సమాధానము లేదు. మనమందఱమును గలిసి, మఱియొక బిడ్డకు ఆ మాట పలుకవలసిన యగత్యము రానీయకుందుము గాక!

స్వస్తి.